సంచీ వదిలిన చెయ్యి

వదిలేసింది! ఎడమచెయ్యి సంచీని వదిలేసింది! వంటింటి నేల మీద వెల్లకిలా పడివున్న కండక్టరుకు అన్నిటికన్నా ముందు తట్టింది నొప్పీ కాదు, భయమూ కాదు, ఈ సంగతి. ఉద్యోగం దిగిపోయిన రోజున డిపోలో అప్పజెప్పేసి వచ్చిన టికెట్ల సంచీ అది. ఇవాళ ఏ చెత్తలో కలిసిపోయిందో కూడా తెలీదు. అలాంటి లేని సంచీని ఇన్నేళ్ళుగా డొక్కకేసి అదుముకుంటూ వచ్చిన చెయ్యి, ఇప్పుడు, మడమ జర్రున జారిన ఆ ఒక్క క్షణంలో, డొక్కని వదిలి, దొంగ మీదికి దూకిన పోలీసులా ఎగిరి వెళ్ళి సింకు పక్కనున్న రాడ్డుని పట్టేసుకుంది! పట్టుకుని వదల్లేదు. ఒళ్ళంతా దానికి వేలాడింది, భుజం కలుక్కుమంది, కాళ్ళు ముందుకి పోయాయి, పిర్ర నెమ్మదిగా నేలకి ఆనింది, ఆ తర్వాతే వేళ్ళు పట్టు సడలించి వీపునీ తలనీ కిందికి దింపాయి. పడ్డట్టు లేదు, ఎవరో జాగ్రత్తగా పడుకోబెట్టినట్టుంది. "ఓహో!" అన్నాడు కండక్టరు పైకప్పుకేసి చూస్తూ. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఇంకోసారి కూడా అన్నాడు, ఈసారి గట్టిగా.

తప్పంతా మడమది. టీ నీళ్ళు మరిగాయి, స్టవ్ కట్టేశాడు, అదొక్కటీ నయం, పంచదార డబ్బా కోసం వెనక్కి తిరిగాడు. తిరగడమంటే ఫిజియో అమ్మాయి చెప్పినట్టు చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ కాదు, ఒంటి మడమ మీద గిర్రున. కిక్కిరిసిన బస్సులో ముందు ఒకాయన మోచెయ్యి, వెనక ఒకావిడ బుట్ట, అడుగు వెయ్యడానికి చోటెక్కడిది, మడమ మీద తిరగడమే, మొత్తం ఉద్యోగమంతా అలాగే తిరిగాడు, ఎవరి కాలూ తొక్కలేదు. కానీ బస్సు నేల మీద గరుకు ఉంటుంది, ఇక్కడ సింకు గొట్టం నుంచి కారిన నీళ్ళున్నాయి. ప్లంబర్ని పిలవరా, పిలవరా అని అక్క మొత్తుకుంటూనే ఉంది, రేపు రేపు అని తను నానుస్తూనే ఉన్నాడు, ఇదిగో ఆ రేపు ఇవాళ వచ్చింది, వీపు కింద చల్లగా పాకుతోంది. లేవాలి. లేవాలి కానీ ఇప్పుడే కాదు. పడగానే గభాలున లేవకండి, అంటుంది ఫిజియో అమ్మాయి, చదువుకునే పిల్లలా రెండు జడలూ ఊపుతూ, పడుకునే ఒళ్ళంతటికీ హాజరు వేసుకోండి, ఎవరు పలికారో, ఎవరు పలకలేదో చూసుకోండి, ఆ తర్వాతే లేవడం సంగతి. సరే. కాలివేళ్ళు? కదిలాయి, పదీ. చీలమండలు? ఉన్నాయి. ఎడమ మోకాలు, ఉంది. కుడి మోకాలు, సణుగుతూ ఉంది, దాని సణుగుడు ఎప్పుడూ ఉండేదే. కుడి తుంటి, ఇనుపకడ్డీ వేసిన తుంటి... కండక్టరు ఊపిరి బిగబట్టి కాలు కాస్త పక్కకి జరిపాడు. పలికింది! నొప్పి లేకుండా, బుద్ధిమంతుడిలా పలికింది! తల నేలకి కొట్టుకోలేదు, మెడ తిరుగుతోంది, చేతులు రెండూ క్షేమం, ఎడమ భుజం మాత్రం ఇప్పుడే పెద్ద పని చేసొచ్చిన మనిషిలా రొప్పుతోంది. రొప్పనీ పాపం, ఇవాళ దానికి ఎంత రొప్పినా చెల్లుతుంది.

బస్సులో రెండే రకాల మనుషులు, పట్టుకునేవాళ్ళూ పట్టుకోనివాళ్ళూ. పట్టుకునేవాళ్ళు ప్రయాణికులు, పట్టుకోనివాడు కండక్టరు. కొత్తగా చేరినప్పుడు రెండోరోజు కాబోలు, మలుపులో తూలి రాడ్డు పట్టుకుంటే పెద్ద కండక్టరు చూసి, బస్సంతా వినపడేట్టు, "ఏం నాయనా, నువ్వెక్కడ దిగాలి?" అన్నాడు. జనం గొల్లున నవ్వారు. ఆ సాయంత్రమే ఖాళీ బస్సులో నిలబడటం నేర్చుకున్నాడు, పాదాలు ఎడంగా, మోకాళ్ళు వదులుగా, చూపు కిటికీ అవతల ఎక్కడో దూరంగా. నెలరోజుల్లో గతుకుల రోడ్డు మీద నిలబడి చెవి వెనక పెన్సిలు పెట్టుకుని చిల్లర ఏరి ఇచ్చే స్థాయికి వచ్చాడు. ఎంత గర్వం! పెళ్ళయిన కొత్తలో పెళ్ళాన్ని ఓసారి తన బస్సులోనే ఎక్కించుకుని, ఆవిడ చూస్తుండగా, కావాలనే ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ తిరిగాడు, దేన్నీ ముట్టుకోకుండా. ఆవిడ కళ్ళు ఇంతింత చేసుకుని చూసింది. ఇంటికెళ్ళాక, "మీకు కాళ్ళ కింద మేకులున్నాయా?" అనడిగింది. ఇప్పుడు ఆవిడ లేదు, కాళ్ళ కింద మేకులూ లేవు. కానీ ఆ నిలబడటంలో ఇంకో ముక్క ఉంది, అది ఆయనకే తెలీదు. సడెన్ బ్రేకు పడితే బస్సంతా ముందుకి తూలి ఒకరి మీద ఒకరు పడతారు, ఆ గందరగోళంలోనే ఎవరి వేళ్ళయినా సంచీలోకి దూరేది. అందుకని బ్రేకు పడగానే ఎడమచెయ్యి చటుక్కున సంచీ మీద పడాలి, మోచేత్తో డొక్కకి అదిమేసుకోవాలి. ఆలోచించి చేస్తే ఆలస్యమైపోతుంది, చెయ్యే చేసుకోవాలి. ఆ చెయ్యి అలా చేసుకుంటూ చేసుకుంటూ ముసలిదైపోయింది.

అందుకే కదూ, పోయిన వానాకాలం బాత్‌రూములో జారినప్పుడు ఎడంపక్కనే, ఇంత దగ్గర్లో, లావుపాటి నీళ్ళ గొట్టం ఉండికూడా చెయ్యి దాన్ని పట్టుకోలేదు. డొక్కకేసి అదుముకుంది. నరికిన దుంగలా కుడివైపుకి పడ్డాడు, తుంటి దగ్గర ఎండుపుల్ల విరిచిన చప్పుడు వినిపించింది, అది తన ఒంట్లోంచేనని అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అక్క వచ్చింది. లేపలేక, వదల్లేక, ఆ తడిలోనే చతికిలబడి తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని, కిందింటివాళ్ళు వచ్చేదాకా గొంతు చించుకుని అరిచింది. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ మోకాలు చెక్కుకుపోతే కూడా ఇదే ఒడి. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు కడ్డీ వేశాక అడిగిన మొదటి మాట, "ఏదో ఒకటి పట్టుకోవాల్సింది కదండీ?" చూడొచ్చినవాళ్ళందరిదీ అదే మాట. పక్క మంచం రోగి కూడా అన్నాడు, కాలికి కట్టేసుకుని కదల్లేని మనిషి, ఆయన కూడా! ఏం చెప్తాడు? తనకే తెలీదు. సిగ్గుతో గోడకేసి తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాత కూతురు పూనుకుంది. పనివాడిని పెట్టి ఇంటినిండా స్టీలు రాడ్లు బిగించింది, బాత్‌రూములో, మంచం పక్కన, నడవలో, వంటింట్లో సింకు వెంబడి, చివరికి ఇల్లు కాస్తా బస్సయి కూచుంది. "సీటు నంబర్లొక్కటే తక్కువరా," అని అక్క కడుపుబ్బా నవ్వింది. నవ్వింది కానీ అన్నిటినీ పట్టుకునే నడిచింది. కండక్టరు మాత్రం వాటి మధ్యనుంచి రెండు చేతులూ వేలాడేసుకుని నడిచాడు. రాడ్డు పట్టుకుంటే ఎవరో వెనకనుంచి, నువ్వెక్కడ దిగాలి నాయనా, అంటారేమోనని ఇంకా లోపలెక్కడో ఉంది. ఆ కుర్రతనం చావదు. ఇదిగో ఇప్పుడు నేల మీద పడుకుని చూస్తుంటే ఆ రాడ్డు ఎంత అందంగా ఉందో! కిటికీ వెలుగులో తళతళలాడుతోంది, మధ్యలో తన వేళ్ళ తడి మరక. కూతురా, నీ కడుపు చల్లగుండ, ఎంత మంచి చోట బిగించావే!

కూతురు గుర్తుకు రాగానే గుండె గుభేలుమంది. వాళ్ళొచ్చేస్తారు. అక్కని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది కూతురే, తిరిగి దింపేది కూడా అదే, ఎండ ముదరకముందే వచ్చేస్తామంది. వచ్చి తనని ఇలా చూస్తే? మాట మాటే కదా. కడ్డీ వేయించుకుని ఇంటికొచ్చిన వారం, ముందుగదిలో కూచుని, కూతురూ అక్క కొడుకూ ఇద్దరూ కలిసి తేల్చేశారు. ఎవరిదీ చెడ్డబుద్ధి కాదు, మేనల్లుడైతే చెప్పలేక చెప్పలేక, టీ గ్లాసు చేతిలో తిప్పుకుంటూ చెప్పాడు. "మావయ్యా, ఈసారికి సరే. మళ్ళీ ఒక్కసారి ఎవరు పడ్డా మాత్రం మీరిద్దరూ ఒంటరిగా ఉండటం కుదరదు. అమ్మని నేను తీసుకెళ్ళిపోతాను. నువ్వు మరదలి ఇంట్లో ఉండు." మేనల్లుడి ఊరు రైలెక్కితే మర్నాటికి గానీ రాదు. కూతురి ఇంట్లో ఒక్క గదే మిగులుంది. ఇద్దర్నీ కలిపి ఎవరూ పెట్టుకోలేరు, అది వాళ్ళ తప్పు కాదు, గోడల తప్పు. కండక్టరు తలూపాడు. సిగ్గుపడ్డ మనిషి దేనికైనా తలూపుతాడు. మర్నాడు పొద్దున్న అక్క బ్రష్ నోట్లో పెట్టుకుని వచ్చి, "నువ్వు పడితే నేను పోవాలిరా. అది గుర్తు పెట్టుకుని నడువు," అని మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇక నడుస్తాడా! కూచున్నాడు. కుర్చీలో అంటుకుపోయాడు. నీళ్ళు అక్కే, పేపరు అక్కే, తలుపు తీసేది అక్కే, ఆవిడకా కళ్ళు మసక. టెలిఫోను ఎక్స్ఛేంజీలో జీవితమంతా చెవులతో బతికిన మనిషి, చూపు మసకబారినా చెవి మాత్రం కత్తి. పక్కగదిలో ఉండి కూడా, "ఒరేయ్, కుడికాలు ఈడుస్తున్నావు!" అని అరుస్తుంది. పేపరు తను చదివి వినిపించాలి, ఆవిడ మధ్యలో అడ్డం పడి ప్రతి వార్తకీ మూతి విరవాలి, దినపత్రిక అన్నది ఈ ప్రపంచంలో పుట్టిందే వాళ్ళిద్దరూ పోట్లాడుకోవడానికి. ఆ చప్పుడు లేని ఇల్లు ఆయన ఊహకి అందదు. కూతురు బంగారం, అల్లుడు నెమ్మదస్తుడు, కానీ వాళ్ళ ముందు పెద్దగా చదివితే, పాపం, గౌరవంగా వింటారు. గౌరవంగా వినేవాళ్ళకి పేపరు చదవడమంత నరకం ఇంకోటుందా?

ఫిజియో అమ్మాయి దగ్గరికి లాక్కెళ్ళింది కూడా అక్కే. వీధి చివర హాల్లో, ముసలీ ముతకా అంతా, గోడ పక్కన కుర్చీలు, మధ్యలో పరుపులు. కూచుంటే పడరని మీకెవరు చెప్పారండీ, అంది ఆ పిల్ల మొదటిరోజే, కూచుని కూచుని కాళ్ళు చచ్చుబడ్డవాళ్ళే అందరికన్నా ముందు పడేది. అది విని కండక్టరు ముఖం చిట్లించాడు కానీ మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. ఒకరోజు నడుముకి బెల్టు కట్టి, వెనక తను పట్టుకుని, ఆ అమ్మాయి ఉన్నట్టుండి భుజం మీద ఒక్క తోపు తోసింది. తూలాడు. బెల్టు ఆపింది. "మళ్ళీ," అంది. మళ్ళీ తోసింది. నాలుగోసారికో ఐదోసారికో ఆగిపోయి, ఆయన ముందుకొచ్చి నిలబడి, ఎడమ మోచేతికేసి చూస్తూ, "అక్కడేముందండీ?" అనడిగింది. ఎక్కడ? ఆయనా చూసుకున్నాడు. చెయ్యి డొక్కకి అతుక్కుని ఉంది, పిడికిలి బిగించి, గుడ్డుని పొదుగుతున్న కోడిలా. ఏమీ లేదే! మరెందుకలా? ఏమో! అప్పుడు గోడ పక్క కుర్చీలోంచి అక్క, కళ్ళు సరిగ్గా కనపడని అక్క, తోసిన ప్రతిసారీ చొక్కా మీద చెయ్యి పడ్డ చప్పుడు విన్న అక్క, "వాడి సంచీ ఉందమ్మా అక్కడ," అంది. హాలంతా ఒక్క నవ్వు. కండక్టరూ నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూనే, ఎందుకో, కళ్ళు తుడుచుకున్నాడు. ఆస్పత్రి పక్క మంచం మనిషికి ఇప్పుడు చెప్పాలనిపించింది, అయ్యా, నేను పట్టుకున్నానండీ, పట్టుకోవాల్సినదాన్ని కాదు, అంతే!

అప్పట్నుంచి యుద్ధం. తెలిసినంత మాత్రాన చెయ్యి వింటుందా? హాల్లో తోసేవాళ్ళు, పడటానికి ముందు చెయ్యి చాపించేవాళ్ళు, నేల మీద కూచోబెట్టి లేపేవాళ్ళు, దొర్లించేవాళ్ళు, చిన్నపిల్లల్లా పాకించేవాళ్ళు. ఇంట్లో అక్క. పేపరు చదువుతూంటే, నీళ్ళు తాగుతూంటే, పళ్ళు తోముకుంటూంటే, ఎక్కడినుంచో ఉరుములా, "సంచీ లేదు!" అని ఒక్క కేక. ఆయన ఎగిరిపడి ఎడమచెయ్యి చాపి దొరికిన రాడ్డు పట్టుకోవాలి, అదీ ఒప్పందం. కిందింటివాళ్ళు ఈ ముసలాళ్ళకి ఏదో పోయింది కాబోలనుకుని ఓసారి పైకొచ్చి వెతికి పెడతామన్నారు కూడా. ఎన్నిసార్లు చాపినా అది ఆట, మనసు చెప్తే చెయ్యి చాచడం, అది లెక్కలోకి రాదు. నిజంగా జారితే ఏంచేస్తుందో ఎవరికి తెలుసు? ఇవాళ తెలిసింది! ఎవరూ కేకెయ్యలేదు, ఎవరూ తొయ్యలేదు, తను ఆలోచించనైనా లేదు, పంచదార డబ్బా గురించి ఆలోచిస్తున్నాడు, చెయ్యి తనంతట తను వెళ్ళింది! అక్కా, విన్నావా, దానంతట అది వెళ్ళిందే!

అక్కడే వచ్చింది చిక్కు. ఈ మాట చెప్పాలంటే ముందు ఇంకో మాట చెప్పాలి. పడ్డాను, అని. పడ్డానని చెప్పకుండా చెయ్యి పట్టుకుందని ఎలా చెప్పడం? పడ్డానని చెప్తే అక్క పెట్టె సర్దుకోవాలి. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. లేచి, చొక్కా మార్చుకుని, నేల తుడిచేసి, కుర్చీలో పేపరు పెట్టుకుని కూచుంటే చాలు, బ్రహ్మాండంగా సరిపోతుంది. సరిపోతుంది కానీ, ఈ ఆనందాన్ని ఎక్కడ దాచడం? దాన్ని మింగి కూచుంటే రేపు ఆవిడ "సంచీ లేదు!" అన్నప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెయ్యి చాపాలి? సర్లే, ముందు లేవనీ. లేవకుండానే ఈ వేదాంతం ఎందుకు!

కండక్టరు వెల్లకిలా ఉన్నవాడు ఉన్నట్టే, పాతికేళ్ళ కుర్రాడిలా, నడుం విసిరి లేచి కూచోబోయాడు. కడుపు వణికింది, తల రెండంగుళాలు లేచింది, మళ్ళీ నేలకి చేరింది. అలా కాదండీ కండక్టరు గారూ, అంది మనసులో ఫిజియో అమ్మాయి. అవును, అలా కాదు. మంచివైపుకి దొర్లాలి. మోకాళ్ళు మడిచాడు, ఎడంపక్కకి దొర్లాడు, ముక్కు ముందు సింకు కింది బకెట్టు, బకెట్టు వెనక ఎప్పుడో పోయిన టీ వడపోసే జల్లెడ, నువ్విక్కడున్నావా తల్లీ, నీకోసం అక్కా నేనూ రెండ్రోజులు మాట్లాడుకోలేదు. మోచెయ్యి ఆనించాడు. తోశాడు. రెండో అరచెయ్యి ఆనించాడు. తోశాడు. నాలుగు కాళ్ళ మీదకొచ్చాడు! ఊపిరి పీల్చుకుని చుట్టూ చూశాడు. వంటింట్లో ఉన్నది స్టూలు, అది కుంటిది, దాన్ని నమ్మకూడదు. కదలని కుర్చీ ముందుగదిలో ఉంది. పాకాలి. గట్టు మీద వేలాడుతున్న తుండు లాగి కుడి మోకాలి కింద వేసుకుని, దాన్ని జరుపుకుంటూ, తను జరుగుతూ, గడప దాటాడు. ఎంత కాలమైందో ఈ ఎత్తు నుంచి ఇల్లు చూసి! బల్ల కింద ఇంత చల్లగా ఉంటుందని ఎవరికి తెలుసు? అక్క ఇంట్లో తొడుక్కునే చెప్పులు ఇంత చిన్నవా? ఈ చెప్పులేసుకునే మనిషా తనకి నడక నేర్పింది? నేర్పేటప్పుడు తను పడ్డ ప్రతిసారీ చప్పట్లు కొట్టేదట, అమ్మ చెప్పేది, పడితే ఎందుకే చప్పట్లని అడిగితే, లేస్తాడు కదమ్మా, అనేదట. అప్పుడు ఆవిడకెన్నేళ్ళు, ఏ ఆరో ఏడో.

కుర్చీ. రెండు చేతులూ దాని మీద. బలమైన కాలు ముందుకి, పాదం పూర్తిగా నేల మీద. తోయి! లేచాడు, లేచాడు, సగం దాకా వచ్చి మోకాలు గడగడా వణికి మళ్ళీ కిందికొచ్చేశాడు. గుండె దడదడలాడింది. మెడ మీద చెమట. ఇప్పుడు భయమేసింది, ఇంతసేపటికి మొట్టమొదటిసారి, నోరు ఎండిపోయేంత భయం. లేవలేకపోతే? ఇలాగే, కుర్చీకి దణ్ణం పెట్టుకుంటున్నట్టు ఉండగా వాళ్ళు తలుపు తీస్తే? కిందింటివాళ్ళని కేకేస్తే వస్తారు, లేపుతారు, మంచివాళ్ళు, సాయంత్రానికి వీధంతా చెప్తారు కూడా. అలిసిపోతే ఆగండి, ఎవరూ తరమట్లేదు, అంటుంది ఆ పిల్ల. ఆగాడు. నుదురు కుర్చీ మీద ఆనించి ఊపిరి లోపలికీ బయటికీ పంపాడు. చెక్క వాసన, అక్క తలనూనె వాసన. మెట్ల మీద ఏదో చప్పుడు, కాదు, పక్కింటి పిల్లి. మళ్ళీ పాదం సరిచేసుకున్నాడు, ఈసారి ఇంకాస్త ముందుకి, ముక్కు మోకాలి మీదికి వచ్చేట్టు వంగి, తోయి, తోయి నాయనా, ఇంకా, ఇంకా... లేచిపోయాడు! నిలబడ్డాడు! కిటికీ మళ్ళీ దాని ఎత్తుకి వచ్చింది, గోడ గడియారం దాని చోటికొచ్చింది, ప్రపంచం సర్దుకుంది. ఎవరూ లేపలేదు. ఒక్కరంటే ఒక్కరు ముట్టుకోలేదు. కండక్టరుకి అరవాలనిపించింది, గంతెయ్యాలనిపించింది, గంతు మాత్రం వెయ్యలేదు, బుద్ధొచ్చింది కాబట్టి గోడ రాడ్డు పట్టుకుని నిలబడి, నోరారా నవ్వాడు.

ఇక చొక్కా మార్చుకోవాలి. గదిలోకి రెండడుగులు వేశాడు కూడా. మెట్ల మీద ఈసారి నిజంగానే అడుగులు, కూతురి మాటలు, అక్క దగ్గు. మార్చుకోడానికి టైముంది, కావాలంటే ఉంది. వీపుకి తడిచొక్కా అంటుకుని జిల్లుమంటోంది. అప్పుడు తోచింది ఆయనకి, పడ్డానని చెప్పడానికి భయపడే ఇల్లు ఎలాంటి ఇల్లు? ఇవాళ దాస్తాను, రేపు లేవలేనట్టుగా పడితే అదీ దాస్తానా, మంచం కింద పడుకుని ఎవరూ చూడలేదని సంతోషిస్తానా? చాల్లే! తలుపు తెరుచుకుంది. కూతురు లోపలికి వస్తూనే తండ్రి ముఖం చూసి ఆగిపోయింది.

"ఏంటి నాన్నా, అలా వెలిగిపోతున్నావు?"

"పడ్డాను," అన్నాడు కండక్టరు.

కూతురి చేతిలో మందుల కవరు జారి నేల మీద పడింది. ముఖం పాలిపోయింది. "ఎక్కడ? ఎప్పుడు? తుంటికేమైనా... అయ్యో నాన్నా, కూచో ముందు, కూచో..."

"వంటింట్లో. అక్కా, చెయ్యి పట్టుకుందే! దానంతట అదే! సంచీని వదిలేసి రాడ్డు పట్టుకుంది!"

అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని. "నిజంగానా?" అంది, చాలా మెల్లగా.

"నీమీదొట్టు. నెమ్మదిగా దింపింది. ఆ తర్వాత దొర్లాను, పాకాను, కుర్చీ పట్టుకుని నేనే లేచాను."

"అంతా బానే ఉంది నాన్నా," అంది కూతురు ఏడుపు గొంతుతో, "కానీ పడ్డావు కదా! బావకేం చెప్పను నేను? ఏమనుకున్నాం మనం?"

"నేనూ పడ్డానని చెప్పు," అంది అక్క.

ఇద్దరూ ఆవిడకేసి తిరిగారు.

"పోయిన నెల. వీడొక్కడే హాలుకి వెళ్ళిన రోజున, మంచం పక్కన. ఏం విరగలేదు. కానీ లేవడం రాలేదే నాకు. హాల్లో కుర్చీలో కూచుని వినడమే గానీ నేనెప్పుడు దిగాను పరుపు మీదకి? మంచం పట్టె పట్టుకుని, జుట్టు రేగి, చచ్చీ చెడీ... వీడొచ్చేసరికి ఎలాగో మంచమెక్కాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే పంపించేస్తారు కదా." కళ్ళద్దాలు ముక్కు మీదికి తోసుకుంది. "ఒరేయ్, నాకూ చూపించు. ఇప్పుడే."

"అత్తా! ఇప్పుడా? కంట్లో చుక్కలేయించుకుని వచ్చావు..."

అక్క అప్పటికే చెప్పులు విడిచి, గోడ రాడ్డు పట్టుకుని, కుర్చీ మీద ఒక చెయ్యేసి, కిందికి దిగడం మొదలుపెట్టింది. మోకాళ్ళు టకటకమన్నాయి. కూచుంది. పక్కకి ఒరిగింది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని, నేల మీద నుంచి పైకి, "చెప్పు, ముందేది?" అంది. కండక్టరుకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి రావడం వల్ల ఏదీ సరిగ్గా రాలేదు. "ముందు హాజరు," అన్నాడు. "కాలివేళ్ళు కదుపు. సరే. మోకాళ్ళు మడువు. ఎడం పక్కకి దొర్లు. మోచెయ్యి. ఆ, అరచెయ్యి. తోయి." అక్క దొర్లింది, మూలిగింది, తమ్ముణ్ణి తిట్టింది, నాలుగు కాళ్ళ మీదకొచ్చింది, కుర్చీ అంచు తడిమి పట్టుకుంది. ఒక పాదం ముందుకి పెట్టింది. సగం లేచింది. మోకాలు వణికింది. కూతురు ఒక్క అంగలో ముందుకొచ్చి చంకల కింద చేతులు వెయ్యబోయింది.

"ముట్టుకోకు," అన్నాడు కండక్టరు.

కూతురు తండ్రిని చూసింది. మేనత్తని చూసింది. ముందుకి చాచిన చేతులు గాల్లోనే కాసేపు ఆగాయి, ఏంచెయ్యాలో తెలియని చేతులు, బిడ్డ తూలుతుంటే చూస్తూ ఊరుకోవడం రాని చేతులు. నెమ్మదిగా వాటిని వెనక్కి తీసుకుంది. వీపు వెనక ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. అంతలో ఆమె భుజానున్న సంచీలో ఫోను మోగింది, తీసి చెవి దగ్గర పెట్టుకుంది కానీ కళ్ళు మేనత్త మీంచి తిప్పలేదు. అవతల మేనల్లుడు, కళ్ళ డాక్టరేమన్నాడని అడుగుతున్నాడు, అమ్మెలా ఉందని అడుగుతున్నాడు, మావయ్యెలా ఉన్నాడని అడుగుతున్నాడు.

"ఆగు బావా," అంది కూతురు, ఊపిరి బిగబట్టి. "అత్త లేస్తోంది."